ఫిడేలు వాయిస్తే నొప్పేటి?

మా తమ్ముడు అప్పలరాజు భుజం పట్టేసినప్పుడు ఇల్లంతా కదిలింది. జంగ్లీఘాట్ రేవులో పడవ దిగాక చెయ్యి పైకెత్తలేకపోతున్నాడని తెలియగానే అమ్మ ఉప్పు మూటలు వేడిచేసింది. నాన్న పక్క పడవ వాళ్ళను బతిమాలి వాడి పని చూసుకోమన్నాడు. మా మరదలు అన్నం కలిపి నోటికందించింది. వల లాగే చెయ్యి కదా, దానికి నొప్పొస్తుందని అందరికీ తెలుసు.

ఆ మరుసటి ఏడు నా ఎడమ చెయ్యి మొద్దుబారడం మొదలైంది. ఆ మాట చెబితే అమ్మ నవ్వింది.

"ఫిడేలు వాయిస్తే నొప్పేటే?" అంది.

వెటకారంగా అన్నది కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. నాది కూర్చుని చేసే పని, నీడపట్టున చేసే పని. పట్టుచీర కట్టుకుని వెళ్ళి, చప్పట్లు కొట్టించుకుని ఇంటికొచ్చే పని. అందులో నొప్పికి చోటెక్కడుంది?

ఇప్పుడు చెయ్యి చాలావరకు బాగుపడింది, నిద్ర పడుతోంది. కోపం మాత్రం తగ్గలేదు. అది తగ్గేలోగా రాసెయ్యాలని కూర్చున్నాను.

నా పేరు నూకరత్నం. ఊళ్ళో రత్నం దీదీ అంటారు. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఈ దీవుల్లో వల వేశాడు. నేను పుట్టిందీ పెరిగిందీ పోర్ట్‌బ్లెయిర్‌లోనే. ఇప్పుడు డాలీగంజ్‌లో ఉంటున్నాను. గరాచర్మలో ఒక ప్రైవేటు సంగీత పాఠశాలలో పిల్లలకు వయొలిన్ నేర్పుతాను, సాయంత్రాలు కచేరీలు చేస్తాను. ఇక్కడ నా ఈడు వాళ్ళకు చాలామందికి తెలుగు మాట్లాడడమే గాని రాయడం రాదు. కీర్తనలు రాసుకోవాలని మా మాష్టారు పట్టుబట్టి నాకు అక్షరాలు దిద్దించారు. ఆయన నేర్పిన అక్షరాలతోనే ఆయన మీద కూడా ఒక ఫిర్యాదు రాయబోతున్నాను. ఆయన ఇప్పుడు లేరు. ఉన్నా రాసేదాన్నే.

వినాయక చవితి నుంచి డిసెంబరు దాకా

ఇక్కడ సంగీతగాళ్ళకు అదే పంట కాలం. చవితి పందిళ్ళు, దుర్గాపూజలు, ఆపైన టూరిస్టులు. ఆ ఏడు పగలు పాఠాలు చెప్పి సాయంత్రం సముద్రపు ఒడ్డున ఒక రిసార్టులో వాయించేదాన్ని. నాకు తోడు తబలా మీద తపన్ భయ్యా ఉండేవాడు. అతను బెంగాలీ, మా పాఠశాలలోనే తబలా నేర్పుతాడు. ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చుని వాయించాం.

రిసార్టులో మాకిచ్చింది చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ. అందులో కూర్చుంటే మోచెయ్యి కదలదు. చేతుల్లేని కుర్చీ కావాలని అడిగితే మేనేజరు అన్నీ గెస్టులకు వేసేశామన్నాడు. మధ్యలో కాసేపు ఆపుతామంటే, వెనకాల పాట ఆగిపోతే డిన్నరు బోసిపోతుందన్నాడు. మంచినీళ్ళు అడిగితే ఒక కుర్రాణ్ణి పంపిస్తానని వెళ్ళి మరిచిపోయాడు. అతనికి మేము ఆ తోటలో వేలాడదీసిన రంగు బల్బుల్లాంటి వాళ్ళం. స్విచ్చి వేస్తే వెలగాలి, కట్టేసేదాకా వెలుగుతూనే ఉండాలి.

ముందు చిటికెన వేలు తిమ్మిరెక్కింది. ఆ తరవాత పక్క వేలు. పొద్దున లేచేసరికి ఆ రెండు వేళ్ళూ వేరెవరివో తెచ్చి నా చేతికి అతికించినట్టు ఉండేవి. గరిటె జారిపోయేది. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేక పిన్నీసులు గుచ్చుకునేదాన్ని. అయినా ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చిన్నప్పుడు వేళ్ళ చివర్లు చీలి రక్తం వచ్చిన రోజున మా మాష్టారు అన్న మాట బుర్రలో అలాగే నిలిచిపోయింది. "రక్తం కనబడిందా? అయితే ఇప్పుడు మొదలైంది సాధన" అన్నారాయన. తొమ్మిదేళ్ళ పిల్లతో అన్నారు. నేను పొంగిపోయాను. ఆ పూటంతా ఆపకుండా వాయించాను.

మాష్టారంటే నాకు ఈనాటికీ గౌరవమే. కానీ ఆ మాట తప్పు. ఆయనకు వాళ్ళ గురువుగారు చెప్పి ఉంటారు, వాళ్ళకు వేరెవరో చెప్పి ఉంటారు. అందరూ తప్పే చెప్పారు.

జనవరి

ఒక గృహప్రవేశంలో వాయిస్తుండగా చిటికెన వేలు తీగ మీదికి రాలేదు. నేను రమ్మన్నాను, అది రాలేదు. స్వరం గతుక్కుమంది. ముందు వరసలో కూర్చున్నాయన ఫోన్లోంచి తలెత్తి చూశాడు. మిగతా కీర్తన రెండు వేళ్ళతో ఎలాగో గట్టెక్కించాను. తపన్ భయ్యా నన్ను చూసి లయ తగ్గించి, నా వెనకే నడిచాడు. తరవాత దాని గురించి అతనూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పాఠశాల యజమానికి చెప్పాను. సాధన తగ్గి ఉంటుంది, పొద్దున ఇంకో గంట పెంచండి అన్నాడు.

బజారులో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఏం పని చేస్తారని అడిగాడు. వయొలిన్ వాయిస్తానన్నాను.

"అది కాదమ్మా, పని" అన్నాడు.

వంటా, బట్టలూ, పిల్లలూ అన్న జవాబు కోసం చూస్తున్నాడని నాకప్పుడు అర్థమైంది. ఇంటిపని కూడా చేస్తానన్నాను. ఆ మాట రాసుకున్నాడు. నొప్పి మాత్రలిచ్చి, బరువులెత్తకండి అన్నాడు. నా ఫిడేలు చంటిబిడ్డ కన్నా తేలిక, కాబట్టి దాన్ని ఎత్తవచ్చని అనుకున్నాను. మాత్రలు మింగుతూ ఇంకో నెల వాయించాను. మాత్ర నొప్పిని మూసేసింది, లోపల జరిగేది జరుగుతూనే ఉంది. ఈ సంగతి ముఖ్యంగా చిన్నవాళ్ళకు చెబుతున్నాను. మాత్ర వేసుకుని స్టేజీ ఎక్కకండి.

మా ఆయన సన్యాసిరావు దీవుల మధ్య తిరిగే ఓడలో ఇంజను గదిలో పనిచేస్తాడు. నెలలో సగం రోజులు నీళ్ళ మీదే ఉంటాడు. ఆ వారం ఇంటికి వచ్చి, నేను పిన్నీసులతో తంటాలు పడుతుంటే చూశాడు. దగ్గరికి వచ్చి హుక్కులు పెట్టాడు.

"ఎందుకొచ్చిన బాధ రత్నం, మానేయ్. నేను తెస్తన్నాను కదా, చాల్దా?" అన్నాడు.

ప్రేమగానే అన్నాడు. అందుకే ఎక్కువ మండింది. ఇంజను వేడికి నీ ఒళ్ళు కందిపోయినప్పుడు ఓడ మానేయమని నేనెప్పుడైనా అన్నానా అని అడిగాను. అది ఉద్యోగం కదా అన్నాడు. ఆ రాత్రి ఇద్దరం అన్నం తినలేదు. పొద్దున్నే లేచి, వైజాగు వెళ్దాం, నేను సెలవు పెడతానన్నాడు. క్షమాపణ అడగడం ఆ మనిషికి రాదు. టిక్కెట్లు కొనడం వచ్చు.

వైజాగు

ఓడ దొరకలేదు. చెన్నై మీదుగా విమానంలో వెళ్ళాం. అక్కడి ఆసుపత్రిలో ఎదురుచూసే గది ఒక పెళ్ళి హాలంత ఉంది. ఫిడేలు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే జనం వింతగా చూశారు. పక్కన కూర్చున్న పెద్దామె, పెట్టెలో ఏముందమ్మా అని అడిగింది. చెప్పాను. "అయ్యో, చేతికి వచ్చిందా" అంది. అంతే అంది. నాకు కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. అన్నాళ్ళలో మొదటిసారి ఒక మనిషి ఆ రెండింటినీ కలిపి చూసింది.

చేతి మీద అక్కడక్కడ కరెంటు పెట్టి చూశారు. చురుక్కుమనేది, వేలు దానంతటదే ఎగిరిపడేది. పరీక్ష చేసిన డాక్టరమ్మ నా పెట్టె వైపు చూసి, ఒకసారి వాయించి చూపించమంది. ఆ చిన్న గదిలో బల్ల పక్కన నేల మీద కూర్చుని, ఫిడేలు తల పాదం మీద ఆనించుకుని నాలుగు ముక్కలు వాయించాను. ఆమె నా వేళ్ళను చూడలేదు. మోచేతిని చూసింది. రోజుకి ఎంతసేపు అలా మడిచి ఉంచుతారని అడిగింది. సీజన్లో పొద్దు పొడిచినప్పటి నుంచి పడుకునేదాకా అని చెప్పాను.

మోచేతి దగ్గర నరం నలిగిపోతోందట. ఇంకొన్నాళ్ళు ఇలాగే వాయిస్తే కండ కరిగిపోయేదట. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, కానీ కొన్ని నెలలు వాయించకూడదు, వ్యాయామం చేయించుకోవాలి, పడుకునేటప్పుడు మోచెయ్యి మడతపడకుండా తువ్వాలు చుట్టుకోవాలి అని చెప్పింది. ముందే ఎందుకు రాలేదని అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర చాలా పెద్ద జాబితా ఉంది.

వానాకాలం

ఇక్కడ వాన మొదలైతే నెలల తరబడి ఆగదు. ఆ వానలో నేను ఫిడేలు పెట్టెను బీరువా మీద పెట్టి, దాని మీద దుప్పటి కప్పాను. కనబడితే ఏడుపొచ్చేది.

చెయ్యి మెల్లగా కోలుకుంటోంది. అబర్డీన్ బజారులో ఒక మేడ మీద ఫిజియోథెరపీ చేసే జెస్సీ అనే మలయాళీ అమ్మాయి వారం వారం నా చేతిని పరీక్షించేది. వేళ్ళు బాగున్నాయి దీదీ అనేది. కానీ నేను బాగులేను. పక్కింట్లో టీవీలో పాట వస్తే తలుపులు మూసేదాన్ని. వీధి చివర పందిరిలో ఎవరైనా "హలో, మైక్ టెస్టింగ్" అంటే చాలు, గుండె దడదడలాడి అరచేతులు తడిసిపోయేవి. నిద్ర లేదు. వంటింట్లో ఏ గిన్నె ఎందుకు పట్టుకున్నానో మరిచిపోయేదాన్ని. వేళ్ళు తిరిగి రాకపోతే నేనెవరు అన్న ఒక్క ప్రశ్న. చచ్చిపోతే బావుంటుందని కూడా ఒకటి రెండుసార్లు అనిపించింది. దీన్ని దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఇలా అనిపించేవాళ్ళు ఇంకా ఉంటారు. అనిపించిన రోజునే ఎవరికో ఒకరికి చెప్పండి. నేను జెస్సీకి చెప్పాను. ఆ అమ్మాయి నా చెయ్యి వదలకుండా పట్టుకుని, పెద్దాసుపత్రిలో మనసు డాక్టరుకు చూపించుకుంటానని మాట తీసుకున్నాకనే నన్ను మెట్లు దిగనిచ్చింది.

ఇంట్లో చెప్పాను. అమ్మ బిక్కచచ్చిపోయింది.

"ఓలమ్మ, పిచ్చోళ్ళు ఎల్లే కాడికి నువ్వెందుకే. ఎవులైనా సూస్తే?"

ఇది చిన్న ఊరు. ఎవరైనా చూస్తారు. చూస్తారనే భయంతో ఎంతమంది ఇంట్లోనే ఉండిపోతున్నారో నాకు తెలియదు. కాలు విరిగితే వీధి వీధంతా పండ్లు పట్టుకుని పలకరించడానికి వస్తుంది. మనసు విరిగితే ముసుగేసుకుని వెళ్ళాలి. నేనూ ముసుగేసుకునే వెళ్ళాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చున్నీ నుదుటి దాకా లాక్కుని చివరి కుర్చీలో కూర్చున్నాను. రెండు కుర్చీల అవతల ఒకతను టోపీ కిందికి దించుకుని, తల వంచుకుని ఉన్నాడు. అతని వేళ్ళు తొడ మీద తాళం వేస్తున్నాయి. మొహం కనబడకపోయినా ఆ వేళ్ళు నాకు తెలుసు. అది తపన్ భయ్యా.

అతనూ నన్ను చూశాడు. తప్పించుకునే దారి లేదు. మా అత్తగారి మందుల కోసం వచ్చానన్నాను. మా అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది, దినానికి అతను వచ్చి భోంచేశాడు కూడా. అతను తల ఊపి, పక్కింటాయన కాగితం ఒకటి ఇవ్వడానికి వచ్చానన్నాడు. ఇద్దరం గోడ మీద పోస్టరు చూస్తూ కూర్చున్నాం. అంతలో నర్సు తలుపు తీసి నా పేరు గట్టిగా పిలిచింది.

"మీ అత్తగారి పేరు కూడా నూకరత్నమేనా, దీదీ?" అన్నాడు తపన్ భయ్యా.

నవ్వాపుకోలేకపోయాను. చాలా నెలల తరవాత నవ్వాను. ఆ గదిలో అందరూ మా వైపు చూశారు. నేను ముసుగు తీసేశాను.

ఇద్దరి వంతూ అయ్యాక బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. వాన పడుతూనే ఉంది. అతను హిందీలో, ఆగి ఆగి చెప్పాడు. కిందటి సీజన్లో ఒక బీచి షోలో సౌండు పెట్టెను అతని చెవి పక్కనే పెట్టారట. పక్కకు తిప్పమంటే, ఆర్టిస్టులే సర్దుకోవాలి అన్నారట. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి పడుకుంటే గదిలో కీచురాయి అరుస్తోందనుకున్నాడు. భార్యతో కలిసి మంచం జరిపి, బీరువా వెనక, తలుపు సందుల్లో వెతికాడు. ఆమె తనకేమీ వినబడడం లేదంది. అది గదిలో లేదు, అతని చెవిలో ఉంది. అప్పటి నుంచి ఒక్క క్షణం ఆగలేదు. నిద్ర పోయింది, కోపం పెరిగింది, పిల్లల మీద చెయ్యి చేసుకోబోయాడు. ఆ రోజు భయపడి ఇక్కడికి వచ్చాడు.

ఎందుకు చెప్పలేదు భయ్యా అని అడిగాను.

"చెవి పోయిన తబలావాణ్ణి ఎవడు పిలుస్తాడు దీదీ? నువ్వు మాత్రం నాకు వేళ్ళ సంగతి చెప్పావా?"

ఏళ్ళ తరబడి ఒకే చాప మీద కూర్చున్నాం. నా శ్వాస ఎక్కడ ఆగుతుందో అతనికి తెలుసు, అతని చెయ్యి ఎక్కడ పడుతుందో నాకు తెలుసు. నొప్పి మాత్రం ఒకరిది ఒకరికి తెలియదు. అంత బాగా నేర్పారు మాకు దాచుకోవడం.

తరవాత

మనసు డాక్టరు కొన్నాళ్ళు నిద్రకు మందిచ్చింది, వారానికోసారి కూర్చోబెట్టి మాట్లాడించింది. అక్కడ అద్భుతాలేమీ జరగలేదు. మాట్లాడగా మాట్లాడగా మైకు మాట వింటే వచ్చే దడ తగ్గింది. వానలు వెనకబట్టాక జెస్సీ ఫిడేలు ముట్టుకోవచ్చంది. ఒక్క వర్ణం వాయించి ఆపాలి, బాగున్నా ఆపాలి. బాగున్నప్పుడు ఆపడమే కష్టం. అదే నేర్చుకున్నాను.

ఇప్పుడు వాయించే ముందు గోరువెచ్చని నీళ్ళలో చేతులు ముంచుకుంటాను. భుజాలు తిప్పుకుంటాను. రెండు కీర్తనలకోసారి లేచి నాలుగడుగులు వేస్తాను. సీజన్లో అయినా వారానికో రోజు పెట్టె తెరవను. కచేరీ ముందు అన్నం తింటాను. ఇవేవీ బ్రహ్మవిద్యలు కావు. పాతికేళ్ళ సంగీతంలో ఒక్కరంటే ఒక్కరు ఇవి నాకు ఎందుకు చెప్పలేదన్నదే నా ప్రశ్న. గమకం ఎంత వంచాలో చెప్పారు గాని, మెడ ఎంత వంచాలో చెప్పలేదు.

పాఠశాలలో పిల్లలను మధ్యలో లేపి చేతులు చాపించడం మొదలుపెడితే యజమాని వచ్చాడు. తల్లిదండ్రులు డ్రిల్లు నేర్పమని పంపలేదన్నాడు. అయితే నన్ను తీసేయండి, ఎందుకు తీసేశారో నేనే తల్లిదండ్రులకు చెబుతాను అన్నాను. తీసెయ్యలేదు.

కొత్త సంవత్సరం వచ్చాక మా కాలనీ సంఘం వార్షికోత్సవానికి పిలిచారు. నేనూ తపన్ భయ్యా కలిసి కార్యదర్శి జోగారావు గారి ఇంటికి వెళ్ళి చెప్పవలసింది ముందే చెప్పాం. చేతుల్లేని కుర్చీ, నీళ్ళు, మధ్యలో విరామం, సౌండు పెట్టె మాకు దూరంగా ఉండాలి. అన్నిటికీ సరే అన్నారు. తీరా స్టేజీ ఎక్కితే సౌండు పెట్టె తపన్ భయ్యా చెవి పక్కనే ఉంది. నేను ఫిడేలు బయటికి తియ్యలేదు. జనం నిండిపోయారు. నాన్న, అమ్మ, అప్పలరాజు ముందే కూర్చున్నారు. జోగారావు గారు స్టేజీ పక్కకు వచ్చి గొంతు తగ్గించారు.

"ఏటమ్మా ఇది, జనం సూస్తన్నారు."

"చూడనివ్వండి బాబాయ్. పెట్టె జరిపితే మొదలెడతాం."

చేతులు చెమటలు పట్టాయి. అయినా లేవలేదు, ఫిడేలు పెట్టె తెరవలేదు. చాలాసేపైంది. వెనక ఎవరో ఈలలు వేశారు. ముందు వరసలోంచి అప్పలరాజు లేచాడు. స్టేజీ ఎక్కి, నొప్పి పడిన ఆ భుజంతోనే సౌండు పెట్టెను నెట్టి, జనం వైపు తిప్పి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

వాయించాం. సగంలో ఆపి, అందరూ చూస్తుండగానే లేచి నిలబడి చేతులు విదిలించుకున్నాం. కొందరు నవ్వారు. నవ్వుకోనీ.

మర్నాడు మధ్యాహ్నం తపన్ భయ్యా మా ఇంటికి వచ్చాడు. చెవి డాక్టరు అతనికి ఇది పూర్తిగా పోదని, ఇంకా పెరగకుండా మాత్రం కాపాడుకోవచ్చని చెప్పాడట. ఇప్పుడు చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకుని వాయిస్తున్నాడు. ఆ శబ్దం ఇప్పుడు కూడా వినబడుతోందా అని అడిగాను. వినబడుతోందన్నాడు. ఏ స్వరమో చెప్పు, చూద్దాం అన్నాను.

ఫిడేలు తీసి సన్నటి తీగ మీద పై షడ్జమం పట్టాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇంకా పైన, దీదీ."

వేలు జరిపాను. ఇంకా పైన అన్నాడు. ఇంకా జరిపాను. తీగ కీచుమంటోంది, మా అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. ఇంకా పైన అన్నాడు. కమాను దాదాపు వేలికి తగిలేదాకా వెళ్ళాను. తల అడ్డంగా ఊపాడు. ఇంకా పైనే ఉందట. ఇక నా వేలు పెట్టడానికి తీగ లేదు.